రోజూ కొత్త ఆలోచన కావాలంటే: మగ్గం, ముగ్గు, గుడి, ఫోను ఏ వరసలో చూడాలి?

"కొత్త డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగేవాళ్లలో చాలామంది ఫోన్లో ఇప్పటికే వందల బొమ్మలు సేవ్ చేసి పెట్టుకున్నవాళ్లే. అయినా పని ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. చూసిన దాంట్లోంచి మనకు పనికొచ్చే ముక్కను ఎలా తీసుకోవాలో ఎవరూ చెప్పకపోవడమే అసలు ఇబ్బంది.

బ్లౌజు మీద కుట్టేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు, పేపరుతోనో మట్టితోనో ఏదో ఒకటి చేసేవాళ్లు ఎవరైనా ఈ పద్ధతి వాడుకోవచ్చు. ఉదాహరణలన్నీ నల్గొండ, పాలమూరు వైపువి. వరస మాత్రం మార్చకండి: ముందు కళ్లెదుటి వస్తువు, తర్వాత కాగితం, తర్వాత చేతి పని, చివర్న ఫోను. ఫోను ముందుకొచ్చిందంటే మిగతా మూడూ ఆ రోజుకు లేనట్టే.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

☐ గళ్ల నోట్‌బుక్ ఒకటి. పిల్లల లెక్కల పుస్తకం చాలు, ఖరీదైన స్కెచ్ బుక్ వద్దు. ఖరీదైనదైతే పాడవుతుందన్న భయంతో గీత గీయం.
☐ పెన్సిల్, నల్ల పెన్ను, మూడు రంగుల స్కెచ్ పెన్నులు.
☐ దారాలు, గుడ్డముక్కలు, ఎండిన ఆకులు, స్వీటు డబ్బా కాగితాలు వేసుకోవడానికి ఒక జిప్ కవరు.
☐ ఫోన్లో "ఈ నెల" అనే పేరుతో ఒకే ఒక్క ఆల్బమ్.
☐ రోజులో ఎవరూ పిలవని ఒక పావుగంట.

రంగులు మూడే ఎందుకంటే, ఎక్కువ ఉంటే రంగు ఎంచుకోవడంలోనే టైమంతా పోతుంది. పుట్టపాక ఊళ్లో నేసే తేలియా రుమాలు అనే బట్ట పాత పద్ధతిలో ఎరుపు, నలుపు, తెలుపుతోనే నడిచింది. ఆ మూడింటితోనే ఎన్నో రకాల నమూనాలు నేశారు. మనకూ ఒక నెలకు మూడు చాలు.

2. వారానికి ఒక్క వస్తువు

అందమైన వస్తువు కోసం వెతకకండి. ఎలా చేశారో కంటికి కనిపించే వస్తువును పట్టుకోండి. ప్లాస్టిక్ బకెట్‌ను ఎంతసేపు చూసినా అది ఎలా పుట్టిందో తెలియదు. మేదరివాళ్లు అల్లిన చాటను చూస్తే ఏ బద్ద పైనుంచి పోయింది, ఏది కిందినుంచి వచ్చింది, చివర ఎలా మడిచారు అన్నీ తెలుస్తాయి.

ఇంట్లో, వీధిలో దొరికేవి: చీర అంచు, గంప, గొంగడి, తలుపు గొళ్లెం చుట్టూ చెక్కిన పని, వాకిట్లో ముగ్గు, పక్కింటి గేటు గ్రిల్లు, సంతలో మిరపకాయలు పోసిన తీరు. దసరా ముందైతే బతుకమ్మను మించింది లేదు.

వారం మధ్యలో వస్తువు మార్చకండి. మూడో రోజు బోరు కొడుతుంది, కొట్టనివ్వండి. పైపైన కనిపించేదంతా అయిపోయాక, నాలుగో రోజు నుంచే అసలు చూడటం మొదలవుతుంది.

3. పావుగంట ఎలా చూడాలి

మొదటి ఐదు నిమిషాలు ఫొటో తీయకండి. ఫొటో తీయగానే "ఉందిలే" అని కన్ను పక్కకు పోతుంది.

తర్వాత ఈ వరసలో చూడండి:

☐ లెక్కపెట్టండి. ఎన్ని గళ్లు, ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు?
☐ మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క ఏది? దాన్ని వేలితో కప్పి చూడండి.
☐ అంచు ఎలా ముగిసింది? తెంపారా, మడిచారా, మరో దాంతో కలిపారా?
☐ ఎక్కడ తప్పింది? చేతి పనిలో ఎక్కడో ఒకచోట తప్పుతుంది. అక్కడే పని తీరు బయటపడుతుంది.

ఉదాహరణకు పోచంపల్లి ఇక్కత్ తువ్వాలు ఒకటి తీసుకోండి. దూరం నుంచి డైమండ్ ఆకారం నున్నగా ఉన్నట్టే ఉంటుంది. కన్ను దగ్గర పెడితే ఏటవాలు గీత ఎక్కడా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. అంచులు కొంచెం అలికినట్టు, వెంట్రుకలు లేచినట్టు కనిపిస్తాయి.

ఎందుకలా? డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. నేయడానికి ముందే పోగులను కట్టలుగా చేసి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టేస్తారు. సైకిల్ ట్యూబు కత్తిరించిన రబ్బరు పట్టీలతో కట్టడం కూడా ఉంది. రంగులో ముంచినప్పుడు కట్టు అంచు కిందికి కాస్త రంగు పాకుతుంది. మగ్గం మీదికెక్కాక పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి. ఆ రెండూ కలిసి వచ్చిందే మనం ఇష్టపడే ఆ మసక అంచు.

ఇది తెలిశాక మీ చేతిలో రెండు విషయాలున్నాయి: మెట్లు, మసక అంచు. ఫోన్లో వంద ఇక్కత్ చీరలు చూసినా ఈ రెండూ దొరకవు.

4. నియమాన్ని ఒక్క వాక్యంలో రాయండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. దీన్ని వదిలేస్తే మిగిలేది కాపీ కొట్టడమే.

చూసిన వస్తువు ఏ పద్ధతి మీద నడుస్తోందో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. బొమ్మ పేరు, రంగు పేరు రాయకూడదు. కొన్ని నమూనాలు:

- ఇక్కత్: గీత ఏటవాలుగా పోకూడదు, మెట్లు దిగాలి, అంచు నిక్కచ్చిగా ఉండకూడదు.
- గద్వాల చీర: ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండు వేర్వేరు సరుకులు కలిసే గీతే అందం.
- నారాయణపేట చీర: లోపల చిన్న చిన్న గళ్లు, బయట ఎదురు రంగులో వెడల్పాటి అంచు.
- మెలికల ముగ్గు: గీత చుక్కను తాకకూడదు, చుట్టూ తిరిగి పోవాలి.
- బతుకమ్మ: కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, ఒక వరసకు ఒకే రకం పువ్వు.
- గొంగడి: రంగు వేయకుండా గొర్రె బొచ్చు రంగే రంగు.

వాక్యం రాయడం రాకపోతే ఇంకా సరిగా చూడలేదని అర్థం. మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

5. ఒక్కటే మార్చండి

నియమాన్ని అలాగే ఉంచి సరుకు, సైజు, రంగు, చోటు – ఈ నాలుగింటిలో ఒక్కటి మాత్రమే మార్చాలి. రెండు మారిస్తే ఏది బాగా వచ్చిందో, ఏది చెడిందో తెలియదు.

*అభ్యాసం ఒకటి: గళ్ల కాగితం మీద ఇక్కత్ డైమండ్*

1) పేజీ మధ్యలో అడ్డంగా 12 గళ్లు, నిలువుగా 12 గళ్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.
2) మొదటి వరసలో నడిమి 2 గళ్లు నింపండి. రెండో వరసలో 4, మూడో వరసలో 6. అంటే ప్రతి వరసలో అటొకటి, ఇటొకటి పెరుగుతాయి.
3) నాలుగో వరస 8 గళ్లు, కానీ నడిమి 2 ఖాళీ. ఐదో వరస 10, నడిమి 4 ఖాళీ. ఆరో వరస 12, నడిమి 6 ఖాళీ. ఈ మూడు వరసల్లోనూ ఖాళీకి రెండు పక్కలా మూడేసి గళ్లు మిగిలితే లెక్క సరిపోయినట్టు.
4) ఏడో వరస నుంచి అదే వెనక్కి గీయండి: 12, 10, 8, 6, 4, 2. ఖాళీలు కూడా అలాగే.
5) ఇప్పుడు మసక అంచు. నింపిన ప్రతి వరస చివర చిన్న చిన్న అడ్డగీతలు లాగండి. ఒక వరసకు కుడి వైపు ఎక్కువగా, తర్వాతి వరసకు ఎడమ వైపు ఎక్కువగా. స్కేలు పెట్టకండి.

ఇక్కడ ఆగి దూరం పెట్టి చూడండి. అయిదో అంకె చేయకముందు అది మామూలు గళ్ల బొమ్మ. చేశాక బట్టలా కనిపిస్తుంది.

ఇక మీ పనిలోకి తీసుకెళ్లండి. కుట్టు పనిచేసేవాళ్లు ఒక గడికి ఒక అడ్డకుట్టు వేసి జాకెట్ చేతి అంచున పెట్టొచ్చు. మెహందీ పెట్టేవాళ్లు వేలి కణుపు మీద గళ్లుగా నింపొచ్చు. మట్టి పని చేసేవాళ్లు పచ్చి మట్టి మీద పుల్లతో నొక్కొచ్చు.

*అభ్యాసం రెండు: ముగ్గు వేయకుండా చుక్కలే ఉంచడం*

అమ్మనో, అత్తనో అడిగి 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేదాకా పెట్టించుకోండి. 4, 5, 6, 7, 6, 5, 4 వరసల్లో మొత్తం 37 చుక్కలు. ముగ్గు మాత్రం వేయకండి.

ఆ చుక్కల చోట అద్దాలో, పూసలో, ఫ్రెంచ్ నాట్లో (దారంతో వేసే చిన్న ముడికుట్లు) పెడితే కుషన్ కవరుకు సరిపడే నమూనా వచ్చేసింది. కొలతల టెన్షన్ లేదు, చుక్కలే కొలత. అన్నీ నింపాల్సిన పని కూడా లేదు. బయటి 18 చుక్కలు మాత్రమే నింపితే చక్కటి షడ్భుజి మిగులుతుంది, లోపల మీ ఇష్టం.

6. చేసేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు

ఇంట్లో రెండు వారాలు ఈ పని చేశాకే వెళ్లండి. ముందే వెళితే ఏం అడగాలో తెలియక చీర ధర అడిగి వచ్చేస్తాం.

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట – ఎక్కడికి వెళ్లినా మగ్గం నడుస్తున్నప్పుడు పలకరించకండి. లెక్క తప్పితే వాళ్లకు పని వెనక్కి పోతుంది. కండె (పోగు చుట్టిన చిన్న గొట్టం) మార్చేటప్పుడో, పోగు తెగి ముడేసేటప్పుడో అడగండి. "అన్నా, ఒక్క గడికి ఎన్ని పోగులు పడతయి?", "ఈ అంచు, ఒళ్లు ఎట్ల కలుపుతరు?" ఇలాంటి పనికి సంబంధించిన ప్రశ్న వేస్తే ముఖం విప్పారుతుంది.

దేవరకొండ వైపు తండాల్లో పాత లంబాడీ కుట్టు ఉన్న ఇల్లు దొరికితే, "పెద్దమ్మా, అద్దం చుట్టు ముందు ఏ కుట్టు వేస్తరు?" అని అడగండి. అద్దాలు, గవ్వలు కుట్టిన తీరును వెనక వైపు తిప్పి చూడటానికి అనుమతి అడగండి. ముందు వైపు అందం, వెనక వైపు పాఠం.

అన్నింటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: "తప్పు పోతే ఎట్ల సరిచేస్తరు?" దీనికి వచ్చే జవాబు ఏ వీడియోలోనూ దొరకదు.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి:

☐ మనిషి ఫొటో తీసేముందు అడగాలని గుర్తుందా?
☐ గ్రాఫ్ కాగితం మీది డిజైన్‌కు ఫోను ఎక్కుపెట్టకూడదని గుర్తుందా? అది వాళ్ల వచ్చే సీజను బువ్వ.
☐ కనీసం ఒక రుమాలో, తువ్వాలో కొనడానికి డబ్బులు పెట్టుకున్నారా?

7. గుడికి నోట్‌బుక్‌తో

దండం పెట్టుకున్నాక ఒక పావుగంట ఒక మూల కూర్చోండి. గుడి మొత్తం గీయాలని చూడకండి, ఎవరివల్లా కాదు.

అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలున్నాయి. అక్కడ రాతికి కోసిన జాలీ కిటికీలను చూడండి. రాయిని గీయకుండా రాయి మధ్య ఖాళీలను మాత్రమే నల్లగా నింపండి. పేపర్ కటింగ్, స్టెన్సిల్ పని చేసేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

నల్గొండ పక్కనే పానగల్లు ఉంది. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలో పడే నీడ కోసం జనం వెళతారు. రోజంతా అది కదలదని చెబుతారు. మనం ఆ ఆలోచనను ఇంటికి తెచ్చుకోవచ్చు: కిటికీ దగ్గర మూడు గ్లాసులు వేర్వేరు దూరాల్లో పెట్టి, కింద తెల్ల కాగితం పరచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడల అంచులు మూడు రంగులతో గీయండి. మూడూ ఒకదాని మీద ఒకటి పడి, మీరు ఊహించి గీయలేని ఆకారాలు వస్తాయి. పచ్చల సోమేశ్వరం కూడా ఆ ఊళ్లోనే ఉంది, అక్కడి మ్యూజియం చూడకుండా రాకండి.

ఒక చిన్న జాగ్రత్త. పిల్లలమర్రి అని వెతికితే రెండు వస్తాయి: మహబూబ్‌నగర్ దగ్గర మహావృక్షం, సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు గుళ్లు. ఊడల అల్లిక కావాలంటే మొదటిది, శిల్పం కావాలంటే రెండోది. మ్యాపులో సరిగా చూసి బస్సెక్కండి.

8. ఇప్పుడు ఫోను తీయండి

నియమం రాశారు, ఒకసారి చేశారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే పనికొస్తుంది, ఎందుకంటే ఏం కావాలో తెలుసు.

1) టైమరు 20 నిమిషాలకు పెట్టండి.
2) "కొత్త డిజైన్లు" అని వెతకకండి. మీ వాక్యంలోని ముక్కతో వెతకండి: "మెట్ల అంచు ఇక్కత్", "రాతి జాలీ కిటికీ", "గళ్ల చీర ఎదురు రంగు అంచు". తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఫలితాలు వేరుగా వస్తాయి.
3) మీ పేజీని ఫొటో తీసి, బొమ్మతో బొమ్మను వెతికే గూగుల్ లెన్స్‌లో వేయండి. మీ గళ్ల డైమండ్‌కు ఇండోనేషియా బట్టో, మధ్య ఆసియా బట్టో జతగా రావచ్చు. పోగులకు ముందే రంగు కట్టి నేసే పని అక్కడా ఉంది.
4) పిన్‌టరెస్ట్ కంటే ముందు మ్యూజియం సైట్లు చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, అమెరికాలోనే స్మిత్‌సోనియన్ మ్యూజియంలు 2020 నుంచి లక్షల బొమ్మలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలాయి. మన దేశానిదైతే మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ ఉంది. పెద్ద సైజులో ఉన్న బొమ్మలను తెరిచి దారం కనిపించేదాకా జూమ్ చేయొచ్చు.
5) ఒక్కసారికి అయిదు బొమ్మలకు మించి సేవ్ చేయొద్దు. ఆరోది నచ్చితే ఒకటి తీసేయండి.
6) సేవ్ చేసిన ప్రతి బొమ్మ కింద రెండు మాటలు రాయండి: ఎక్కడిది, ఎందుకు తీసుకున్నాను.

కంప్యూటర్ పుట్టించిన బొమ్మలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. ముగ్గు అయితే చుక్కలు లెక్కపెట్టండి, చాలాసార్లు వరసలు కుదరవు. ఎంబ్రాయిడరీ అయితే దారం ఎక్కడ లోపలికి పోయి ఎక్కడ బయటికి వచ్చిందో చూడండి, చాలాసార్లు దారి ఉండదు. అలాంటి దాన్ని చూసి కుట్టడానికి కూర్చుంటే సాయంత్రం దాకా తల పట్టుకోవాల్సిందే.

మూడ్ బోర్డుల (నచ్చిన బొమ్మలన్నీ ఒకచోట అతికించి పెట్టుకునే పలకల) మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అవి తయారు చేయడమే ఒక పనిలా అనిపించి, అసలు పని చేసిన తృప్తి ముందే వచ్చేస్తుంది.

9. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే తీరు

*మొత్తం కాపీ అయిపోతోంది.* అసలు వస్తువును పక్క గదిలో పెట్టి, మీరు రాసిన వాక్యాన్ని మాత్రమే చూసి గీయండి. గుర్తురాని చోట మీ సొంతం వచ్చి చేరుతుంది.

*సామాను కొనడం దగ్గరే ఆగిపోతోంది.* ఇంట్లో ఉన్న దారం, ఉన్న కాగితంతో మూడు పేజీలు నింపేదాకా కొట్టుకు వెళ్లకండి.

*రంగులు గొడవగా ఉన్నాయి.* అదే నమూనాను నల్ల పెన్నుతో మళ్లీ వేయండి. నలుపులో బాగుంటే తప్పు రంగులది. నలుపులోనూ బాగోకపోతే ఖాళీ స్థలం తక్కువైంది, ఒక వరస తీసేయండి.

*రంగుల జత తోచడం లేదు.* బతుకమ్మ ఫొటో ఒకటి తీసి కింది నుంచి పైకి వరసల రంగులు రాయండి: తంగేడు పసుపు, గునుగు తెలుపు, రంగులద్దిన గునుగు, బంతి నారింజ. ఏ రంగు ఎంత వెడల్పుందో కూడా రాయండి. జత కుదరడంలో రంగు సగం, వెడల్పు సగం.

*వేయగానే పోస్టు పెట్టాలనిపిస్తోంది.* వారం ఆగండి. లైకులు తక్కువొస్తే మంచి పేజీని కూడా చెడ్డదనుకుంటాం.

*పావుగంట కుదరడం లేదు.* బస్టాండులో, రేషన్ క్యూలో, పిల్లల స్కూలు గేటు ముందు మూడో మెట్టు మాత్రమే చేయండి. గీయడం రాత్రి చేసుకోవచ్చు.

10. వారం సర్దుబాటు

సోమ, మంగళ: వస్తువు ఎంచి చూడటం, లెక్కలు రాయడం.
బుధ: నియమం వాక్యం.
గురు, శుక్ర: వస్తువును మళ్లీ చూస్తూ, ఒక్కటి మార్చి చేయడం.
శని: 20 నిమిషాల ఫోను.
ఆది: ఏమీ వద్దు, లేదా ఊరు తిరగండి.

నెల చివర "ఈ నెల" ఆల్బమ్ తెరిచి, నోట్‌బుక్‌లోకి చేరని బొమ్మలన్నీ డిలీట్ చేయండి. మిగిలిన పేజీల్లోంచి ఒక్కటి ఎంచి, దాన్ని రెండింతల సైజులో ఇంకోసారి చేయండి.

11. అమ్మాలనుకుంటే

పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర, తేలియా రుమాలు – నాలుగింటికీ జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే అధికారిక గుర్తింపు) ఉంది. ఆ పద్ధతి చూసి మీరు కుట్టిన కుషన్‌ను, ప్రింటు వేసిన సంచిని ఆ పేర్లతో అమ్మకూడదు. "ఇక్కత్ గళ్లు చూసి చేసిన ఎంబ్రాయిడరీ" అని రాస్తే సరిపోతుంది, కొనేవాళ్లకూ మోసం ఉండదు.

ఒక నేతగాడి సొంత డిజైన్ చూసి మొదలుపెట్టి ఉంటే, అమ్మేముందు ఒక ఫోను చేసి చెప్పండి. మ్యూజియం బొమ్మ వాడితే దాని పేజీలో వాడుకోవచ్చని రాసి ఉందో లేదో చూసి, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.